పక్కవాడికి చెబితే మనవాడికి నష్టమా?

గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి తండ్రి ఒకరు నా ముందు కూర్చున్నారు. ప్రోగ్రెస్ రిపోర్టు చేతికిచ్చినా దాని వైపు చూడలేదు. "మేడమ్, మా వాడు క్లాసులో పక్క పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాడంట. మేం ఫీజు కట్టేది వాడు నేర్చుకోవడానికా, నేర్పడానికా?" అని అడిగారు.

కోపంగా అడగలేదు. నవ్వుతూనే అడిగారు కానీ వెనక ఉన్న భయం తెలుస్తూనే ఉంది. పోటీ ప్రపంచం. ఒక్క మార్కుకు ర్యాంకు ఎక్కడికో పోతుంది. అలాంటప్పుడు మన పిల్లవాడి సమయం పక్కవాడికి ఎందుకు ఇవ్వాలి? న్యాయమైన ప్రశ్నే. రెండేళ్ల క్రితం ఇదే ప్రశ్న నన్నడిగి ఉంటే, "మీరు చెప్పింది నిజమే సార్, సీటు మారుస్తాను" అనేదాన్ని. ఇప్పుడు అలా అనలేకపోయాను. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఇవి నా సొంత అభిప్రాయాలు. ఒప్పుకోని వాళ్లు ఉంటారని తెలుసు.

రెండేళ్ల క్రితం నేను ఆన్‌లైన్‌లో ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో చేరాను. పధ్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, మళ్లీ విద్యార్థినయ్యాను. దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇవాళ దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇగ్నోకు కూడా తొలి వైస్ ఛాన్సలర్. దూరవిద్య అంటే మన ఇళ్లలో అందరికీ తెలిసిన బొమ్మ ఒకటే: పోస్టులో పుస్తకాలు వస్తాయి, ఆదివారం కాంటాక్ట్ క్లాసుకు వెళ్తాం, ఇంట్లో ఒక్కరమే కూర్చుని చదువుకుంటాం, పరీక్ష రాస్తాం. నేనూ అలాగే ఉంటుందనుకున్నాను. అలా ఉండాలనే కోరుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఒంటరిగా చదివి ఫస్ట్ వచ్చినదాన్ని. నా నోట్సు ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు.

కానీ మొదటి వారంలోనే ఐదుగురిని ఒక గ్రూపు చేశారు. ముగ్గురం తెలుగువాళ్లం, ఒకరు ఒడిశా, ఒకరు కేరళ. నాతో పాటు ఉన్న తెలుగువాళ్లలో ఒకావిడ శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచర్. ఇంకొకతను అప్పుడే బీఎడ్ పూర్తి చేసిన కుర్రాడు. వారానికి రెండు రాత్రులు, పిల్లల భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకు వీడియో కాల్. ఒకరు రాసింది మిగతావాళ్లు చదివి అభిప్రాయం రాయాలి. దానికి మార్కులున్నాయి. నాకైతే ఇదంతా టైం వేస్ట్ అనిపించింది. ఆ తండ్రికి అనిపించినట్టే.

మూడో వారంలో అందరం ఒక్కో పాఠ్య ప్రణాళిక రాసి పెట్టాలి. నేను తొమ్మిదో తరగతికి న్యూటన్ మూడో నియమం తీసుకున్నాను. ఎన్నోసార్లు చెప్పిన పాఠం, కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ బీఎడ్ కుర్రాడు దాని కింద రెండే వాక్యాలు రాశాడు. "మేడమ్, ఈ నలభై నిమిషాల్లో దాదాపు అంతసేపూ మీరే మాట్లాడుతున్నారు. పిల్లవాడు మాట్లాడేది ఎక్కడ?"

ఒళ్లు మండింది. క్లాసు ముఖం చూడనివాడు నాకు చెబుతాడా అనిపించింది. ఘాటుగా జవాబు టైప్ చేశాను. పంపకుండా చెరిపేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే అతను చెప్పింది నిజం.

ఆ వారం మా కోర్సులో ఎరిక్ మజూర్ గురించి చదవాల్సి ఉంది. ఆయన అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. తాను చాలా బాగా చెబుతున్నానని ఆయనకు నమ్మకం. విద్యార్థులు కష్టమైన లెక్కలు చేసేవాళ్లు, మంచి ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లు. ఒకసారి లెక్కలు లేకుండా, కేవలం భావన మీద ప్రశ్నలిస్తే చాలామంది తడబడ్డారు. సూత్రం వచ్చు, అర్థం రాలేదన్నమాట. ఆయన మళ్లీ మళ్లీ వివరించినా అర్థం కానిది, పక్కవాడితో మాట్లాడుకోమనగానే కొన్ని నిమిషాల్లో అర్థమైంది. అక్కడి నుంచి 1991లో ఆయన 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' అనే పద్ధతి మొదలుపెట్టారు. పద్ధతి చాలా సులువు. ఒక ప్రశ్న ఇస్తారు. ముందు ఎవరికి వాళ్లే ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. తర్వాత వేరే జవాబు ఎంచుకున్న పక్కవాడిని ఒప్పించడానికి ప్రయత్నించాలి. తర్వాత మళ్లీ జవాబు ఎంచుకోవాలి. చివర్లో టీచర్ వివరిస్తారు.

మజూర్ ఇచ్చే కారణం ఆలోచించదగ్గది. ఒక విషయం ఎప్పుడో నేర్చుకున్న టీచరు, అది మొదట్లో ఎక్కడ కష్టంగా అనిపించిందో మరిచిపోతారు. నిన్న నేర్చుకున్న పిల్లవాడికి ఆ కష్టం ఇంకా గుర్తుంటుంది. అందుకే తోటి పిల్లవాడికి సరిగ్గా ఆ ముడి దగ్గరే విప్పి చెప్పగలడు.

తర్వాత నా క్లాసులో ప్రయత్నించాను. "పెద్ద లారీ, చిన్న కారు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఏది దేని మీద ఎక్కువ బలం చూపిస్తుంది?" అని అడిగాను. లారీ అయితే ఒక వేలు, కారు అయితే రెండు, సమానం అయితే మూడు వేళ్లు ఎత్తమన్నాను. క్లాసు సగానికి పైగా ఒక్క వేలే ఎత్తింది. వాళ్లలో మూడో నియమాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పేవాళ్లూ ఉన్నారు. మా క్లాసు ఫస్ట్ కూడా ఉన్నాడు. ఆ అబ్బాయి తండ్రే గత నెల నన్ను ప్రశ్న అడిగింది.

పక్కవాళ్లతో మాట్లాడుకోమన్నాను. క్లాసంతా గోల. పక్క సెక్షన్ టీచర్ వచ్చి తొంగి చూసి వెళ్లారు. ఎప్పుడూ నోరెత్తని, మార్కుల్లో మధ్యలో ఉండే ఒక అమ్మాయి ఆ ఫస్ట్ అబ్బాయితో అంటోంది: "నువ్వు గోడను గుద్దితే నీ చెయ్యి ఎందుకు నొప్పి పెడుతుంది? గోడ నిన్నూ అంతే గుద్దింది కాబట్టి. లారీ అయినా అంతే. బలం సమానమే, కారు తేలిక కాబట్టి అది ఎక్కువ నలిగింది." అబ్బాయి కాసేపు ఊరుకున్నాడు. ఆ తర్వాత మూడు వేళ్లు ఎత్తాడు. పధ్నాలుగేళ్లుగా నేను బోర్డు మీద వేస్తున్న బాణం గుర్తులు చేయలేని పని ఆ పిల్ల గోడ ఉదాహరణ చేసింది.

ఇక్కడ ఎవరికి ఎంత లాభం? అబ్బాయికి అపోహ పోయింది. అమ్మాయికి తనకు నిజంగా తెలుసన్న ధైర్యం వచ్చింది. నాకు నా క్లాసులో ఎవరికి ఏం తెలియదో తెలిసింది. నష్టపోయినవాళ్లు ఎవరూ లేరు.

అలాగని గ్రూపు అనగానే అన్నీ సవ్యంగా జరుగుతాయని చెప్పను. మా గ్రూపే ఒక దశలో విడిపోయేలా అయింది. రెండో సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు వచ్చింది. శ్రీకాకుళం టీచర్ గారు రెండు వారాలు కాల్‌కి రాలేదు, మెసేజ్‌కి జవాబు లేదు. ఆమె భాగం నేనే రాసేశాను. "మనం కష్టపడితే ఆవిడకు మార్కులా?" అని మిగతావాళ్ల దగ్గర సణిగాను కూడా. ఇలాంటి కథ మీ ఆఫీసుల్లోనూ ఉంటుంది, మీ పిల్లల ప్రాజెక్టుల్లోనూ ఉంటుంది. ఒకరు చేస్తారు, నలుగురు సంతకం పెడతారు.

చివరికి ఒక రాత్రి ఆమే ఫోన్ చేశారు. "స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏంటో నాకు తెలియదండీ. మీరంతా గబగబా మాట్లాడుకుంటుంటే అడగడానికి సిగ్గేసింది" అన్నారు. బద్ధకమనుకున్నది సిగ్గు. నా క్లాసు వెనక బెంచీల్లో ఏళ్ల తరబడి నేను బద్ధకమనుకున్న మౌనంలో ఎంత భాగం సిగ్గో అని అప్పుడు అనిపించింది.

"ఇంతేనా, నేను చెబుతాను" అని మొదలుపెట్టాను. ఐదు నిమిషాల్లో నాకే అడ్డం పడింది. ఫార్ములా వచ్చు, లెక్క వచ్చు. తేడాలను వర్గం ఎందుకు చేస్తాం అని ఆమె అడిగితే జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని ఇద్దరం రెండు తరగతుల మార్కులు రాసుకున్నాం. రెండింటికీ సగటు యాభయ్యే. ఒక తరగతిలో అందరికీ యాభై దగ్గర్లోనే ఉన్నాయి, ఇంకో తరగతిలో సగం మందికి తొంభై, సగం మందికి పది. సగటు నుంచి తేడాలు తీసి ఊరికే కూడితే ప్లస్సులు, మైనస్సులు కొట్టేసుకుని రెండు చోట్లా సున్నా వచ్చింది. అందుకే వర్గం చేస్తాం అని అప్పుడు ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ పేపర్ పాసైనదాన్ని, ఆమెకు చెప్పబోయి నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఇంకా ఎక్కువ. ఆమె బడిలో ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒక తరగతికి చెబుతుంటే ఇంకో తరగతి ఖాళీగా ఉండకూడదు కాబట్టి, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు చిన్నవాళ్లకు చదివి వినిపిస్తారు. మేం సిద్ధాంతంగా చదువుతున్నది ఆమె అవసరం కొద్దీ రోజూ చేస్తున్నారు. ఐదో తరగతిలో చదవడానికి తడబడే పిల్లవాడు కూడా ఒకటో తరగతి పిల్లకు కథ చదివి చెప్పాలంటే ముందు రోజు రాత్రి ఇంట్లో సాధన చేసుకొస్తాడట. ఎవరూ చెప్పకుండానే.

నిజానికి ఇది మన వీధి బడుల్లోనిదే. అప్పట్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవాళ్లు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ ఆయన మద్రాసులో అనాథ బాలుర పాఠశాల నడుపుతూ ఇలా ఇసుకలో రాసే మన పిల్లలను చూశారు. తన బడిలోనూ పిల్లల చేత పిల్లలకు చదువు చెప్పించి, 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం అచ్చు వేశారు. అది 'మద్రాసు పద్ధతి' పేరుతో ఇంగ్లండ్ బడుల్లోకి వెళ్లింది. మన దగ్గర నుంచి వెళ్లినదాన్ని ఇప్పుడు విదేశీ ఫ్యాషన్ అని అనుమానంగా చూస్తున్నాం.

గ్రూపు ఎప్పుడు పని చేస్తుంది, ఎప్పుడు చెడుతుంది అన్నది కూడా చాలాకాలంగా పరిశీలిస్తున్న విషయమే. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో బడుల్లో నల్లజాతి, తెల్లజాతి పిల్లలను కలిపి కూర్చోబెట్టినప్పుడు గొడవలయ్యాయి. అప్పుడు ఇలియట్ అరాన్సన్ అనే సైకాలజిస్టు ఒక ఏర్పాటు చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. మిగతా ముక్కలు తోటివాళ్లు చెబితే తప్ప తెలియవు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద, ఎవరికి వాళ్లకే. ఎదుటివాడిని వెక్కిరిస్తే నష్టం మనకే కాబట్టి వినడం అలవాటవుతుంది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో పని చేసిన రాబర్ట్ స్లావిన్ కూడా ఇదే విషయం గట్టిగా చెప్పారు. గ్రూపుకు ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ప్రతి ఒక్కరూ తాను నేర్చుకున్నదానికి విడిగా జవాబుదారీ కావాలి. రెండింటిలో ఒకటి లేకపోయినా ఒకడు మోస్తాడు, మిగతావాళ్లు ఎక్కి కూర్చుంటారు.

మా ఐదుగురం కూడా మా నియమం మేమే పెట్టుకున్నాం. ప్రతి కాల్ మొదట్లో ఒక్కొక్కరూ 'నాకు అర్థం కానిది' ఒకటి చెప్పాలి. అన్నీ అర్థమయ్యాయి అనడానికి వీల్లేదు. ఒకరి భాగం ఇంకొకరు వివరించగలిగితేనే పని అయినట్టు లెక్క. ఈ చిన్న నియమం తర్వాత ఎవరూ కాల్ ఎగ్గొట్టలేదు.

ఇప్పుడు మీ అభ్యంతరాల దగ్గరికి వస్తాను.

మొదటిది, "జేఈఈ, నీట్ పోటీలో పక్కవాడికి చెబితే ఎలా?" జేఈఈ మెయిన్ రాసేవాళ్లు దేశం మొత్తం మీద పది లక్షలకు పైనే. మీ అబ్బాయి పోటీ వాళ్లందరితో. పక్క బెంచీ పిల్లవాడికి ఒక డౌట్ చెప్పకపోతే మిగిలేది ఒక్కడి మీద ఆధిక్యం. చెబితే వచ్చేది ఆ చాప్టర్ మీద పట్టు. ఏది లాభమో లెక్క కట్టండి.

రెండోది, "మా వాడు ఎప్పుడూ చెప్పేవాడే అవుతున్నాడు, వాడికెవరు చెబుతారు?" ఇది సరైన అభ్యంతరం. ఒకే పిల్లవాడిని రోజూ ఉచిత ట్యూటర్‌లా వాడుకుంటే అది కలిసి నేర్చుకోవడం కాదు, టీచర్ తన పని అతనికి అప్పజెప్పడం. ఒక పీరియడ్‌లో పది, పదిహేను నిమిషాలు మించకూడదు. చెప్పేవాడు, వినేవాడు మారుతుండాలి. చివర్లో టీచర్ తప్పనిసరిగా సరిచేయాలి, లేకపోతే తప్పులు కూడా అంతే వేగంగా పాకుతాయి. అలా జరగడం లేదనిపిస్తే మమ్మల్ని నిలదీయండి.

మూడోది, "కలిసి చేయడం అంటే కాపీ కొట్టడమే కదా?" రెండింటికీ తేడా ఒక్క ప్రశ్నతో తేలుతుంది: పుస్తకం మూసి చెప్పగలడా? మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పది గంటలకు పూర్తయిన హోంవర్క్ ఫొటోలు తిరుగుతుంటాయి. అది కాపీ. "ఈ మూడో లెక్కలో రెండో స్టెప్ ఎలా వచ్చిందో ఎవరైనా పిల్లలు చెప్పగలరా?" అని అడిగితే అది నేర్చుకోవడం.

తల్లిదండ్రులకు ఇన్ని చెప్పి స్కూలు గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మన బ్రాంచిలో ఎనిమిదో తరగతి నుంచి ప్రతి పరీక్ష తర్వాత మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తాం. కలిసి కూర్చుని ఒకరికొకరు అలవాటు పడేలోపు విడిపోతారు. మా గ్రూపులో ఆ శ్రీకాకుళం టీచర్ గారు తనకు తెలియదని నోరు తెరిచి చెప్పడానికి ఒక సెమిస్టర్ పైన పట్టింది. పధ్నాలుగేళ్ల పిల్లవాడికి ఆరు వారాలు సరిపోతాయా? పైగా బాగా చదివేవాళ్లంతా ఒక గదిలో, తడబడేవాళ్లంతా ఒక గదిలో ఉంటే, ఆ గోడ ఉదాహరణ చెప్పిన అమ్మాయి ఫస్ట్ అబ్బాయి పక్కన ఎప్పటికీ కూర్చోదు. సెక్షన్లు వేరుగా ఉంటే ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు చెప్పవచ్చు అనే వాదన నాకు తెలుసు. అందులో కొంత నిజం ఉంది. కానీ కనీసం ఏడాదంతా ఒకే సెక్షన్ ఉంచి చూడాలని స్టాఫ్ మీటింగ్‌లో రెండుసార్లు అడిగాను. ఇప్పటికి మార్పు రాలేదు. ఇక్కడ మూడోసారి అడుగుతున్నాను. 2020 జాతీయ విద్యా విధానం పిల్లల ప్రోగ్రెస్ కార్డులో టీచర్ అంచనాతో పాటు పిల్లవాడి స్వీయ అంచనా, తోటి పిల్లల అంచనా కూడా ఉండాలని చెబుతోంది. ఒకరినొకరు సరిగ్గా తెలియని పిల్లలు ఏం అంచనా రాస్తారు?

ఇంట్లో మీరు చేయగలిగింది ఖర్చు లేనిది. సాయంత్రం "ఎన్ని మార్కులు వచ్చాయి, ఫస్ట్ ఎవరు?" అనే ముందు "ఇవాళ ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావు, ఎవరికి ఏం చెప్పావు?" అని అడగండి. నానమ్మకో, తాతయ్యకో ఒక పాఠం అర్థమయ్యేలా చెప్పమనండి. ఎక్కడ ఆగిపోతాడో అక్కడే మళ్లీ చదవాలి. "తెలియదు" అని చెప్పిన రోజున తిట్టకండి. ఆ మాట చెప్పగలిగిన పిల్లవాడికే ఎవరైనా నేర్పగలరు.

ఆ తండ్రికి నేను ఏం చెప్పానో చెప్పలేదు కదా. ఏమీ చెప్పలేదు. లారీ, కారు ప్రశ్న ఆయన్నే అడిగాను. "లారీయే మేడమ్, అందులో అనుమానం ఏముంది?" అన్నారు. పక్కన నిలబడ్డ కొడుకు నవ్వి, "కాదు నాన్నా, నువ్వు గోడను గుద్దితే..." అని మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి చెప్పిన మాటే, తన మాటల్లో. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెడుతూ, "ఆ అమ్మాయి పక్కనే కూర్చోబెట్టండి మేడమ్" అన్నారు.

వచ్చే పరీక్ష తర్వాత ఆ మాట నిలబెట్టుకోగలనో లేదో నాకు తెలియదు. అది ఇప్పుడు నా చేతిలో లేదు. మీలో కొందరు కూడా అడిగితే, కావచ్చు.